డెబోరాకు ఏ ప్రాసెసర్

బళ్లారి కంటోన్మెంట్
10 ఫిబ్రవరి 2008

ప్రియమైన గురునాథ్‌కు,

నీ స్నేహితుడు హనోకు చేసే వందనాలు. నువ్వూ లక్ష్మీకాంతమ్మా దేవుని దయవల్ల కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగున్నాను, చెవులు తప్ప. ముప్పై ఏండ్లు సండూరు కొండల గనుల్లో డ్రిల్లింగ్ మిషన్ మీద కూర్చున్నవాడికి చెవులు మిగలడం కష్టమే. ఎడమది పూర్తిగా పోయింది. కుడి చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్తే సగం మాట అందుతుంది. మా అమ్మాయి డెబోరా ఏదైనా చెప్పాలంటే నోటుబుక్కులో రాసి చూపిస్తుంది. అందుకే నీకు ఫోను చేయకుండా జాబు రాస్తున్నాను.

ఊరు నువ్వు చూస్తే గుర్తు పట్టలేవు. ఇనుప రాయికి చైనాలో గిరాకీ వచ్చినప్పటి నుంచి నిన్న సైకిలు తొక్కినవాడు ఇవాళ పెద్ద కారు దిగుతున్నాడు. రోడ్డు నిండా లారీలు. ఆరేసిన పంచె సాయంత్రానికి ఎర్రబడుతుంది.

ఒక పని పడి రాస్తున్నాను. డెబోరాకు కంప్యూటర్ ఒకటి కొనివ్వాలి. విమానం నడిపే ఆట ఒకటుందట, అందులో నిజం విమానంలో ఉన్నట్టే గడియారాలూ మీటలూ అన్నీ ఉంటాయట. దానికి మామూలు కంప్యూటర్ చాలదట. మిషన్ స్కూల్లో ఆమెతో పాటు పనిచేసే షెకైనా టీచరు కంప్యూటర్ ల్యాబు చూసుకుంటుంది. శనివారం బడి వదిలాక ఇద్దరూ ల్యాబులో ఆ ఆట ఆడుతుంటారు. మొన్న టిఫిన్ డబ్బా ఇవ్వడానికి పోయి నేనూ చూశాను. విమానం రన్‌వే మీద పరుగెత్తింది, లేచింది, లేచి గాల్లో అట్లే నిలబడిపోయింది. కిందా పడలేదు, ముందుకూ పోలేదు. ఈ ముసలి మిషన్‌కు అంతే శక్తి అని షెకైనా నవ్వేసింది. డెబోరా మాత్రం మీట మీద నుంచి చేయి తీయలేదు.

ఇంకో సంగతి. గనుల యజమానులు ఇప్పుడు హెలికాప్టర్లు కొన్నారు. మా ఇంటి మీదుగానే పోతాయి. ఆ చప్పుడు నాకు వినపడదు. అన్నం వడ్డిస్తూ డెబోరా తల పైకెత్తిందంటే, హెలికాప్టర్ పోతోందని నాకు తెలుస్తుంది.

కాబట్టి అన్నిటికంటే పెద్ద ప్రాసెసర్ ఏదో అదే వేసి పంపు. నాలుగు కోర్లది వచ్చిందని షెకైనా చెప్పింది. రెండుకంటే నాలుగు ఎక్కువే కదా. డెబోరాకు తెలియనివ్వకు. జూన్‌లో బడి తెరిచేలోగా ఇంట్లో ఉంటే చాలు.

ఇట్లు,
హనోకు

•

బెంగళూరు, ఎస్.పి. రోడ్డు
22 ఫిబ్రవరి 2008

హనోకప్పా,

నీ జాబు చూసి ప్రాణం లేచొచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని పెద్దలు ఊరికే అనలేదు. పోయిన దసరాకు నీకు ఫోన్ చేసి మా ఇంటి సంగతులన్నీ చెప్తే, అంతా విని చివర్న రాంగ్ నంబర్ అని పెట్టేశావు. జాబులే మేలు.

నీలాంటి సంఘ పెద్ద ఇంట్లో గేమింగ్ కంప్యూటర్ అంటే మీ పాస్టరుగారు ఏమంటారో చూడాలి. విమానం ఆట ఒక్కటే అనుకుంటున్నావేమో. దాంట్లో కార్ల రేసులూ తుపాకుల ఆటలూ కూడా భేషుగ్గా నడుస్తాయి. తర్వాత నన్ను అనొద్దు.

ఇక అసలు సంగతి. రెండుకంటే నాలుగు ఎక్కువన్నావు. అది ఒకటో తరగతి లెక్క. ఇప్పుడు నా అంగట్లో రెండు రకాలున్నాయి. ఒకటి నాలుగు కోర్లది, వేగం రెండు పాయింటు నాలుగు గిగాహెర్ట్జ్. ఇంకోటి రెండే కోర్లది, వేగం మూడు. నీకు అర్థమయ్యేట్టు మీ లారీలతో చెప్తాను. మొదటిది నిదానంగా పోయే నాలుగు లారీలు. రెండోది జోరుగా పోయే రెండు లారీలు. సరుకు నాలుగింటికీ పంచే పనైతే నాలుగే మేలు. కానీ ఈ విమానం ఆట రాసినవాళ్లు దాదాపు సరుకంతా ఒకే లారీ మీద వేస్తారు. మిగతా మూడు లారీల డ్రైవర్లు బీడీలు కాల్చుకుంటూ నిలబడాల్సిందే. అప్పుడు ఆ ఒక్క లారీ ఎంత జోరుగా పోతుందన్నదే లెక్క. పైగా నాలుగు కోర్లది ఎక్కువ వేడెక్కుతుంది. మీ ఊరి మే నెల ఎండకు, ఫ్యానుకు పట్టే ఎర్ర దుమ్ముకు అది ఎన్నాళ్లు ఓర్చుకుంటుందో చెప్పలేను.

అయితే రేపొచ్చే ఆటలు నాలుగు కోర్లనూ వాడుకుంటాయని ఇక్కడి కుర్రవాళ్లు అంటున్నారు. ఆ మాటనూ కొట్టిపారేయలేను.

తేల్చుకోలేకపోతే మీ ఇంటి పద్ధతి ఉండనే ఉంది. మేం దేవుని ముందు పూలు పెట్టి ప్రశ్న అడుగుతాం, మీరు చీటీలు వేస్తారు. ప్రార్థన చేసి బైబిల్లో రెండు చీటీలు పెట్టు, ఏది వస్తే అది పంపుతా. డెబోరా పైలట్ బడికి పోవాలా వద్దా అన్నదీ అట్లే తేలింది కదా. ఆ చీటీ తీసిన సంగతి మీ ఆవిడ కరుణమ్మ మా ఆవిడకు చెప్పుకుని, నా చేత్తోనే తీశాను వదినా అని ఏడ్చిందట. మా ఆవిడకు ఇప్పటికీ గుర్తే. పాపం, ఆట కోసం వేసే చీటీకైనా ఈసారి మంచి మాట రావాలి.

నీ
గురునాథ్

•

బళ్లారి కంటోన్మెంట్
3 మార్చి 2008

గురునాథ్‌కు,

జాబు అందింది. చీటీల మాట నా దగ్గర ఎత్తవద్దు. నవ్వులాటకు కూడా వద్దు.

నాలుగు కోర్లదే పంపు. లారీల కథలు నాకు చెప్పక్కరలేదు, వాటి మధ్యనే బతికాను. పంపడం నీకు ఇబ్బందైతే చెప్పు, హుబ్బళ్లి నుంచి తెప్పించుకుంటాను.

హనోకు

•

బెంగళూరు, ఎస్.పి. రోడ్డు
12 మార్చి 2008

హనోకప్పా,

హుబ్బళ్లి పేరు చదవగానే నాకు ఒళ్లు మండింది. రేడియో స్పేర్లు అమ్మిన రోజుల నుంచి ఈ అంగడి నడుపుతున్నాను. మన ఇద్దరికీ ఏడేండ్లప్పుడు మిషన్ స్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహం. నాతో ఇట్లా మాట్లాడతావా అని జాబు గల్లాపెట్టెలో పడేశాను. మా ఆవిడ తీసి చదివింది. ఇది కోపం కాదండీ, ఎక్కడో తగలరాని చోట మన మాట తగిలింది అంది. అందుకే మళ్లీ రాస్తున్నాను.

ఏమైంది? నేనేమన్నాను? చీటీలను ఎగతాళి చేశాననుకున్నావా? మీ ప్రార్థనను నేను ఎన్నడూ తక్కువ చేయలేదు. నీకు నొప్పి కలిగించి ఉంటే మన్నించు.

ఇక సరుకు సంగతి. నాలుగు కోర్లది పంపను. నీ మీద పంతం కాదు. ఆ పనికి అది తగదని తెలిసి తెలిసి ఎట్లా పంపేది? రేపు డెబోరా రన్‌వే మీది నుంచి లేవగానే బొమ్మ ఆగి ఆగి కదిలితే, మా గురునాథ్ మామ ఇచ్చిన మిషన్ ఇదా అనుకోదా?

నాకు ఇంకొకటి అర్థం కావడం లేదు. ముందు కూర్చునేది ఆమె. మీట పట్టేది ఆమె. ఫిజిక్సు చెప్పే టీచరు, మనిద్దరికంటే ఆమెకే ఎక్కువ తెలిసి ఉంటుంది. ఆమెను అడగకుండా, ఆమెకు చెప్పకుండా, ఆమె కోసం నువ్వెందుకు తేలుస్తున్నావు? ఒక్కసారి అడుగు. రెండన్నా నాలుగన్నా, ఆమె చెప్పింది కళ్లు మూసుకుని పంపుతాను.

నీ
గురునాథ్

•

బళ్లారి కంటోన్మెంట్
25 మార్చి 2008

ప్రియమైన గురునాథ్‌కు,

నన్ను మన్నించాల్సింది నువ్వు. హుబ్బళ్లి మాట అనకుండా ఉండాల్సింది.

మొన్న శుక్రవారం మాకు సిలువ ధ్యానం. సంఘ పెద్దలం ఒక్కొక్కరం సిలువ మీద యేసు పలికిన ఒక్కో మాట మీద మాట్లాడాలి. తెలియక చేసినవాళ్లను క్షమించమనే మాట నా వంతుకు వచ్చింది. లేచి నిలబడ్డాను. ఒంట్లో బాగాలేదని చెప్పి కూర్చున్నాను. నేను తెలిసి చేసినవాడిని, గురునాథ్. ఆమె కోసం నువ్వెందుకు తేలుస్తున్నావు అని అడిగావు. నాకు అది అలవాటైన పాపం. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పనిది నీకు రాస్తున్నాను.

తొంభై తొమ్మిదిలో డెబోరాకు ఇరవై ఒకటి. పైలట్ ట్రైనింగుకు ఎంపికైనట్టు ఉత్తరం వచ్చింది. స్కాలర్‌షిప్పు కూడా ఇచ్చారు, ఖర్చు అడ్డం కాదు. కరుణమ్మ మర్నాడే ఇక్కడి బెంగళూరు రోడ్డు అంగట్లో తెల్ల గుడ్డ తెచ్చి ఆమెకు రెండు చొక్కాలు కుట్టింది. అదే వారం పేపర్లో ఒక ఫోటో పడింది. యాడనో ట్రైనింగు విమానం చేలో పడింది. అందులో ఉన్న పిల్లోడికీ ఇరవై ఒకటే. ఆ ఫోటో కోసి జేబులో పెట్టుకున్నాను. పనిలో ఉన్నంతసేపూ తీసి తీసి చూశాను. గనిలో పేలుడుకు మనిషి ఏమైపోతాడో చూసినవాడిని నేను.

వద్దని నేనే చెప్పొచ్చు. కానీ నేను వద్దంటే కరుణమ్మ వినదు. దేవుడు వద్దంటే వింటుంది. అంతే నా ఎత్తు.

మా తాత కాలం నుంచి ఇంట్లో పద్ధతి ఏమిటంటే, ఇంటి పెద్ద రెండు చీటీలు రాసి బైబిల్లో పెడతాడు. అందరూ మోకరించి ప్రార్థన చేశాక ఇంకొకరు ఒకటి తీస్తారు. తీయని చీటీని విప్పకూడదు, పొయ్యిలో వేసేయాలి. దేవుడు చెప్పాక రెండోది చూడటం అవిశ్వాసమని మా పెద్దలు అనేవాళ్లు. ఆ నియమం నాకు బాగా పనికొచ్చింది. రెండు చీటీల మీదా వద్దు అనే రాశాను.

తీసింది కరుణమ్మ. విప్పి చదివింది. డెబోరా ఆమె చేతిలోంచి తీసుకుని చూసి, "దేవుని చిత్తం నాయనా" అంది. రెండో చీటీ నేనే పొయ్యిలో వేశాను. తడిగుడ్డతో గొంతు కోయడమంటే అదే.

డెబోరా బీఎడ్డు చేసింది, టీచరైంది. పెళ్లి తనకు వద్దంది, నేను బలవంతం చేయలేదు. కానీ కరుణమ్మ ఆ తర్వాత ఇంట్లో ఏ చిన్నదానికీ చీటీ తీయలేదు. తీయమంటే చేతులు కొంగులో దాచుకునేది. రెండు వేల ఐదులో జబ్బు ముదిరి మంచాన పడినప్పుడు నా చెవి దగ్గర నోరు పెట్టి, "నా చెయ్యే మంచిది కాదు, బిడ్డకు నేనే అడ్డం పడినాను" అంది. అప్పుడైనా చెప్పాల్సింది. నాలుక చివర దాకా వచ్చింది. చెప్తే నన్ను అసహ్యించుకుని పోతుందని భయపడ్డాను. ఆమె తన చేతిని అసహ్యించుకుని పోయింది.

ఇప్పుడు చెప్పు, ఏ ప్రాసెసర్ కొంటే ఇది తీరుతుంది?

హనోకు

•

బెంగళూరు, ఎస్.పి. రోడ్డు
6 ఏప్రిల్ 2008

హనోకప్పా,

నీ జాబు చదివి పది రోజులు ఏమీ రాయలేకపోయాను. నిన్ను ఓదార్చాలని కలం పడితే కోపం వచ్చింది. తిట్టాలని పడితే ఏడుపు వచ్చింది. నువ్వు చేసింది చిన్న తప్పు కాదు. పోనీలే అని నేను అనలేను. అంటే కరుణమ్మ నన్ను క్షమించదు.

కానీ నిన్ను అనే ముందు నా సంగతి నేను చెప్పాలి. ఇది నేనూ నీ దగ్గర దాచాను.

రెండు వేల నాలుగులో కరుణమ్మను మీరు ఇక్కడి ఆసుపత్రికి తీసుకొచ్చారు, గుర్తుందా? నువ్వు మందుల చీటీ పట్టుకుని క్యూలో ఉన్నప్పుడు ఆమె మా ఆవిడను వెంటబెట్టుకుని ఆటోలో నా అంగడికి వచ్చింది. ఆ మెట్లెక్కి ఆయాసపడుతూ స్టూలు మీద కూర్చుంది. "అన్నా, ఇంట్లో కూర్చొని విమానం నడిపే కంప్యూటర్ ఉంటాదంట కదా. మా పాపకు ఒకటి కావల్ల" అంది. నీకు చెప్పొద్దంది. చేతికున్న గాజులు చూపించింది. నేను లోపలికి రమ్మని టీ ఇచ్చి, నా వ్యాపారంలో రోజూ చెప్పే మాటే చెప్పాను. "ఇప్పుడొద్దమ్మా. ఇప్పుడున్నవాటి మీద ఆ ఆట సరిగ్గా ఆడదు. వచ్చే ఏడు రెండు కోర్ల ప్రాసెసర్లు వస్తాయి, అప్పుడు తీసుకుందువు" అన్నాను.

నేను అబద్ధం చెప్పలేదు. ఆమె గాజులు అమ్ముకోకూడదని కూడా అనుకున్నాను. కానీ ఆమె ముఖం చూసినవాడిని, ఆమెకు వచ్చే ఏడు ఉందో లేదో ఆలోచించాలి కదా. సరే అన్నా, మంచిది వచ్చినప్పుడు చెప్పు అని లేచిపోయింది. మంచిది వచ్చింది. చెప్పడానికి ఆమె లేదు. మా ఆవిడ ఈ మాట ఇంట్లో ఎత్తితే నేను అంగడికి వెళ్లిపోతాను.

మా అంగట్లో ఆగితే ఎప్పుడూ ఇంకా మంచిది వస్తుంది. ఆరు నెలలకొకటి వస్తూనే ఉంటుంది. అట్లా ఆగమని చెప్పి చెప్పి నాకు అదే మంచి సలహా అనిపించింది. ఆలస్యం అమృతం విషం అన్నది మా నాన్న గల్లా మీద రాయించుకున్న మాట. కొడుకుకు మాత్రం ఎక్కలేదు.

అందుకని నీకు ఆగమని చెప్పను. డెబోరాకు చెప్పు. కంప్యూటర్ వచ్చాక చెప్తాను, ఆమె సంతోషంగా ఉన్న రోజు చూసి చెప్తాను అనుకోకు. కంప్యూటర్ చేతిలో పెట్టి చెప్తే అది లంచం అవుతుంది. వట్టి చేతులతో చెప్పు. ఆమె నిన్ను ఏమన్నా పడు.

గురునాథ్

•

బళ్లారి కంటోన్మెంట్
1 మే 2008

ప్రియమైన గురునాథ్‌కు,

చెప్పాను.

కరుణమ్మ నీ అంగడి మెట్లెక్కిందని చదివాక ఇంకో రోజు కూడా మోయలేకపోయాను. వట్టి చేతులతోనే చెప్పాను. డెబోరా పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాను. నా గొంతు ఎంత గట్టిగా వస్తోందో నాకు తెలియదు కదా. సగంలో ఆమె లేచిపోయింది. వినలేక పోతోందనుకున్నాను. కిటికీ మూసి మళ్లీ వచ్చి కూర్చుంది. నా పరువు పోకుండా కిటికీ మూసింది, గురునాథ్. నేను ఆపకుండా చివరి దాకా చెప్పాను. నీ అంగడి సంగతి కూడా చెప్పాను.

నోటుబుక్కు దగ్గరికి లాక్కుని ఒకటే రాసింది. "అమ్మకు తెలుసా?" లేదని తల ఊపాను. తర్వాత లేచి నా కుడి చెవి దగ్గరికి వంగి చెప్పింది. "నన్ను మన్నించమని నన్ను అడగొచ్చు నాయనా. అమ్మను యాడ అడుగుతావు?"



ఆ తర్వాత పంతొమ్మిది రోజులు నోటుబుక్కులో ఒక్క అక్షరం రాయలేదు. వేళకు అన్నం పెట్టింది, నా మాత్రలు తీసిచ్చింది, సమాధుల తోటకు ఒక్కతే పోయి వచ్చింది. చెవిటివాడికి ఇల్లు ఎప్పుడూ నిశ్శబ్దమే అనుకుంటారు. అది నిజం కాదని ఆ పంతొమ్మిది రోజుల్లో తెలిసింది. రాసే మనిషి రాయకపోతే అప్పుడు నిజంగా చెవుడు వస్తుంది. పాస్టరుగారి దగ్గరికి పోయి సంఘ పెద్ద పని మానుకుంటున్నానని చెప్పాను. ఎందుకని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తల వంచుకుని నా చేయి పట్టుకున్నాడు.

మొన్న పొద్దున నోటుబుక్కు టీ గ్లాసు పక్కన తెరిచి ఉంది. నా కోసం కాదు, నీ కోసం. ఆమె అక్షరాలే కింద ఎక్కిస్తున్నాను:

"గురునాథ్ మామకు. రెండు కోర్లది, మూడు గిగాహెర్ట్జ్‌ది చాలు. మిగిలింది మంచి గ్రాఫిక్స్ కార్డుకూ, కాళ్లతో తొక్కే రడ్డరు పెడల్సుకూ పెట్టండి. క్యాబినెట్‌కు దుమ్ము ఆపే జాలీ తప్పక ఉండాలి. డబ్బు నా జీతంలోంచి నేనే పంపుతాను. అమ్మ మీ అంగడిలో ఏ స్టూలు మీద కూర్చుంది?"

డబ్బు నేనిస్తానని అంటే తల అడ్డంగా ఊపింది. నేను మళ్లీ అడగలేదు.

హనోకు

•

బెంగళూరు, ఎస్.పి. రోడ్డు
8 జూన్ 2008

హనోకప్పా,

డెబోరా అడిగింది అడిగినట్టే కట్టాను. కుర్రవాళ్లకు వదలకుండా నా చేత్తోనే బిగించాను. రెండు రోజులు ఆపకుండా ఆ ఆటే ఆడించి చూశాను. విమానం ఎక్కడా ఆగలేదు. నీళ్ల మీద పడవ పోయినట్టు పోయింది. రేపు బస్సులో పార్సిల్ వేస్తున్నాను, స్టాండుకు ఆటో తీసుకుని పో. వోల్టేజీ ఎక్కువ తక్కువలకు యూపీఎస్ కూడా పెట్టాను. నెలకోసారి మూత తీసి, బ్రష్షుతో దుమ్ము దులపమని చెప్పు. తడిగుడ్డ పెట్టొద్దు.

స్టూలు సంగతి అడిగింది కదా. ద్వారం పక్కన ఎర్ర రెగ్జిన్ వేసిన స్టూలు. ఇప్పటికీ అక్కడే ఉంది. ఆమె ఎప్పుడొచ్చినా చూపిస్తాను.

ఇంకొకటి. పెట్టెలో అంటించిన కవరు ఒకటి ఉంటుంది. దాని మీద డెబోరా పేరుంది. నువ్వు విప్పవద్దు. అయినా ఏముందో చెప్తాను, నీ దగ్గర దాచే పనులు ఇక చాలు. ఆ పైలట్ బడికి నేనే పోయి విచారించాను. ముప్పై ఏండ్లకు కూడా చేర్చుకుంటారట. కళ్లూ గుండే బాగుండాలి, ఫీజు కట్టాలి, అంతే. ఫారం తెచ్చి పెట్టాను. ఆమె వస్తానంటే ఉండడానికి మా ఇల్లుంది. మా ఆవిడ అప్పుడే పై గది కడిగిస్తోంది. ఎన్నాళ్లు ఉన్నా మాకు బరువు కాదు.

నువ్వు పో అనకు, వద్దనకు. ఫారం ఆమె చేతికి అందేట్టు చూడు, చాలు.

నీ
గురునాథ్

•

బళ్లారి కంటోన్మెంట్
31 ఆగస్టు 2008

ప్రియమైన గురునాథ్‌కు,

ఇన్నాళ్లు రాయనందుకు ఏమీ అనుకోకు. ఒక సంగతి తేలే దాకా రాయలేకపోయాను.

నీ మిషన్ అద్దంలా పనిచేస్తోంది. కరుణమ్మ కుట్టుమిషన్ ఉండిన చోటనే బల్ల వేసుకుంది. బడి నుంచి వచ్చి ముఖం కడుక్కుని కూర్చుంటుంది. షెకైనా వస్తే ఇద్దరూ కార్ల రేసులు కూడా ఆడతారు. నువ్వన్నది నిజమే, తుపాకుల ఆట కూడా ఒకటుంది. అందులో షెకైనా మహా గురి. ఆదివారం అయితే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇది ఎత్తు చూపేది, ఇది దిక్కు చూపేది అని నోటుబుక్కులో రాసి చెప్తుంది. నాతో రాయడం మొదలుపెట్టింది. మునుపటంత కాదు. అవసరమైనంత రాస్తుంది. అదే నాకు ఎక్కువ.

ఒకరోజు కంటోన్మెంట్ అవతలి పాత విమానాల మైదానం మీద నుంచి లేచి ఊరంతా చుట్టి చూపించింది. కోట గుట్ట ఉంది. మన బడి లేదు, మా ఇల్లు లేదు, తుంగభద్ర కాలువ మాత్రం సన్నగా ఉంది. మన పక్కనున్న కురుగోడు ఊరు యాడ అని అడిగితే రెక్క వంచి అటు తిప్పింది. ఆమె కాళ్లు పెడల్సు మీద ఎంత నిదానంగా కదిలాయో చూశాను. ఇరవై ఒక్క ఏండ్లకు ఆ కాళ్లు ఇంకెట్లా కదిలేవో అనుకున్నాను. కుర్చీలో ఉండలేక బయటికి వచ్చేశాను.

నీ కవరు విప్పకుండా ఇచ్చాను. రెండు నెలలు ఆ కవరు ఆమె బల్ల సొరుగులో ఉంది. నేను ఎన్నడూ అడగలేదు. కానీ ఆమె ఇంట్లో లేనప్పుడు ఆ సొరుగు ముందు నిలబడి, ఈ ఒక్కటి జరగనీ ప్రభువా అని రోజూ ప్రార్థన చేశాను. జరిగితే నేను చేసింది కొంచెం చెరిగిపోతుందని ఆశ. నిజం చెప్పాలంటే ఆమె కోసం ఎంత అడిగానో, నా కోసం అంత అడిగాను.

నిన్న చెప్పింది. నోటుబుక్కు ముట్టుకోలేదు. నా కుర్చీ పక్కన పీట వేసుకుని కూర్చుని, కుడి చెవి దగ్గర నిదానంగా, ఒక్కో మాటా అందే దాకా చెప్పింది.

"నేను పోను నాయనా. ఫారం నింపినా, ముందర పెట్టుకొని శానా యోచన చేసినా. ఆశ ఉండాది. ఆ పొద్దు ఉన్నంత తెగువ ఇప్పుడు లేదు. పిలకాయలకు పాఠం చెప్పేది కూడా నాకు ఇష్టమైపాయ. దేవుడు వద్దన్లేదు, నువ్వు వద్దన్లేదు. ఈ తూరి నేనే వద్దంటాండా."

నా కండ్లలో నీళ్లు చూసి లేవబోయిన మనిషి ఆగింది. ఇంకా వయసుంది తల్లీ, పో, అని ఆమె కాళ్లు పట్టుకోవాలనిపించింది. గురునాథ్ మామ ఇంట్లో గది కడిగించారు అని చెప్పాలనిపించింది. ఏం చెప్పినా మళ్లీ ఆమె బదులు నేను తేల్చడమే అవుతుందని నోరు కట్టుకున్నాను. పో అనే హక్కు కూడా వద్దని రాసిన నాడే పోగొట్టుకున్నాను.

సరేనమ్మా అన్నాను. తొమ్మిదేండ్ల కింద ఆ ఉత్తరం పట్టుకుని నా ముందు నిలబడినప్పుడు కూడా నేను అనాల్సింది ఆ ఒక్క మాటే.

హనోకు